ఓడ ఆగరాదు, మనిషిని మఱువరాదు

రెండవ ప్రపంచయుద్ధమున వర్తకపు ఓడ ఒంటరిగ సముద్రము దాటుట మృత్యువును కోరి పిలుచుటగ నుండెను. కావున ముప్పది, నలువది ఓడలు వరుసలు తీరి, యుద్ధనౌకల కావలిలో, అన్నిటిలో మందగతిగల ఓడ యెంత వేగమున పోగలదో అంత వేగముననే అట్లాంటికును దాటుచుండెను. ఈ ఓడల బిడారునకే కాన్వాయి యని పేరు. దీని నియమములలో కఠినతమమైనది యొకటి గలదు: టార్పీడో తగిలిన ఓడకొఱకు తక్కిన ఓడలేవియు ఆగరాదు. నీటబడినవారి కేకలు చెవిని బడుచున్నను, కెప్టెను తన వరుసను విడువక ముందునకు సాగవలసినదే.

ఈ నియమమును క్రూరమని నిందించుట మా యుద్దేశము గాదు. నడిసముద్రమున నిలిచిన ఓడ జలాంతర్గామికి రెండవ బలి యగును. ఏబదిమందిని రక్షింపబోయి నూఱుమందిని కోలుపోవుట దయ యనిపించుకొనదు. 1940 అక్టోబరులో ఎస్.సి.7 అను కాన్వాయిలోని 35 ఓడలలో 20 మునిగిపోయిన సంగతి నెఱిగినవారెవరును ఆ కెప్టెనులను తప్పుపట్టజాలరు.

కాని కెప్టెను ధర్మము వేఱు, అతనిని పంపిన ప్రభుత్వముయొక్క ధర్మము వేఱు. "నీవు ఆగవద్దు" అని శాసించినవాడు, ఆగుటకు మఱియొకనిని నియమింపవలసిన బాధ్యతను గూడ తలకెత్తుకొనుచున్నాడు. యుద్ధారంభమున ఈ బాధ్యత ఎట్లు నెఱవేఱినది? ప్రతి వరుసలోను కడపటి ఓడ, అవకాశమున్నచో, నీటనున్నవారిని ఎక్కించుకొనవలెనని చెప్పి ఊరకుండిరి. సరకులతో నిండిన ఆ యెత్తైన ఓడపై వైద్యుడు లేడు, పడకలు లేవు. దాని ప్రాణమునకే పూచీ లేదు.

దాని ఫలమును 1940 సెప్టెంబరు 17 రాత్రి లోకము చూచినది. మన కాశీనగరము పేరు దాల్చిన 'సిటీ ఆఫ్ బెనారస్' అను ఓడ, బాంబుల వాతబడకుండ కెనడాకు పంపబడిన 90 మంది బాలబాలికలతో పోవుచు జర్మను జలాంతర్గామి దెబ్బకు మునిగెను. కావలి యుద్ధనౌక అంతకు ముందే మఱియొక కాన్వాయికై విడిచిపోయెను. తోడి ఓడలు నియమము ననుసరించి చెదరిపోయినవి. సహాయనౌక వచ్చుసరికి మరునాటి మధ్యాహ్నమైనది. ఆ బాలలలో 77 మంది మరణించిరి. అందఱును ఇది యెఱుగుదురు. ఆ యోడ పనివారిలో అధికసంఖ్యాకులు భారతీయులనియు, వారిలో నూఱుగురు తిరిగి రాలేదనియు ఎందఱెఱుగుదురు? ఎనిమిది దినములు సముద్రముపై తేలియాడి చివరకు కనుగొనబడిన పడవలోని 46 మందిలోను మనవారే యెక్కువ.

చేయదలచిన చేయవచ్చునని తరువాతి చరిత్ర నిరూపించినది. 1941 జనవరి మొదలు కాన్వాయిల వెనుక ప్రత్యేక రక్షకనౌకలు పోజొచ్చెను. తీరప్రాంతముల ప్రయాణికులను మోయు చిన్న ఓడలను తెచ్చి, వలలను, పడకలను, శస్త్రచికిత్స గదిని అమర్చి, వైద్యునితో పంపిరి. సుమారు ముప్పది నౌకలు 797 కాన్వాయిల వెంట నడచి 4,194 ప్రాణములను కాపాడినవి. వాని సేవ ఉత్తచేతుల సేవ గాదు. 1943 ఫిబ్రవరిలో 'స్టాక్‌పోర్టు' అను రక్షకనౌక, తాను రక్షించినవారితో సహా, ఒక్కరును మిగులక మునిగెను.

నియమమును మించిన మనుష్యత్వము గూడ ఆ సముద్రముననే వెలసినది. 1940 నవంబరు 5న 'జర్విస్ బే' అను కావలినౌక హెచ్.ఎక్స్.84 కాన్వాయిని తప్పింపనెంచి బలియైనప్పుడు, తటస్థ దేశమగు స్వీడనునకు చెందిన 'స్టూర్‌హోమ్' ఓడ కెప్టెను, తన నావికుల నడిగి, వారి సమ్మతితో చీకటిలో వెనుకకు మరలి 65 మందిని రక్షించెను. ఆ కాన్వాయిలోనిదే 'శాన్ డెమెట్రియో' అను చమురు ఓడ. మండుచున్న ఆ యోడను విడిచిపోయిన పడవలలో ఒక దానిలోనివారు 16 మంది, రెండు దినముల కది తేలుచు కంటబడగా మరల నెక్కి, నిప్పు లార్పి, స్కాట్లండు రేవునకు చేర్చిరి. న్యాయస్థానము వారికి 14,700 పౌనుల బహుమానమిచ్చెను. దెబ్బతిన్నదెల్ల పోయినది గాదని చాటుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఇక మనవారి సంగతి. మన రేవులలో కళాసీలని పిలువబడువారినే ఆంగ్లేయులు లస్కర్లనిరి. కొలిమిలో బొగ్గు వేసినవారు, ఓడయొక్క అడుగుభాగమున పనిచేసినవారు, టార్పీడో తగిలిన చోటనే యుండువారు వారు. 1939లో వారి జీతము తెల్లనావికుని జీతములో నాలుగవ వంతైనను లేదు. ఆ యేటనే కూలి హెచ్చింపుమని బ్రిటిషు రేవులలో సమ్మె చేసినవారిని చెఱసాలలకు పంపిరి. యుద్ధము ముగియునప్పటికి సుమారు 6,600 మంది భారతీయ వర్తకనావికులు మరణించిరి. లండనులోని టవర్‌హిల్లు స్మారకముపై దాదాపు 24,000 మంది పేర్లు చెక్కబడినవి. మనవారి పేర్లు మాత్రము రాతికెక్కక, ఒక పుస్తకమున వ్రాయబడి, ఒక ప్రతి చిట్టగాంగులోను, మఱియొకటి బొంబాయి నావికగృహములోను ఉంచబడినవి.

ఈ కథ దూరసముద్రములదే యని ఆంధ్రులు తలంపరాదు. 1942 ఏప్రిలు మొదటి వారమున జపాను నౌకాదళము బంగాళాఖాతమున ఇరువదికి పైగా వర్తకపు ఓడలను ముంచివేసెను. తగిన కావలి నియ్యలేక, ఓడలను చెదరి పొమ్మని పంపివేసిరి. ప్రాణములు దక్కినవారు పడవలపై ఒరిస్సా తీరము చేరిరి. ఏప్రిలు 6న విశాఖపట్టణము, కాకినాడలపైననే బాంబులు పడినవి.

"వారు పరప్రభుత్వమునకు కూలికి పనిచేసినవారు, వారిని స్వతంత్రభారతము స్మరింపనేల?" అని కొందఱు ప్రశ్నింపవచ్చును. మా సమాధానమిది. వారిని ఓడలపై కెక్కించినది సామ్రాజ్యభక్తి గాదు, ఆకలి. ఆ యాకలికి కారణమైన పాలన నెదిరించి పోరాడిన జాతియే, ఆ యాకలికి బలియైన బిడ్డలను తనవారు కారనుట న్యాయమా? వారిని గౌరవించుట సామ్రాజ్యమును గౌరవించుట కాదు. అది చెల్లింపక విడిచిన ఋణమును మనము చెల్లించుట.

వెనుకబడినవానికై మరలివచ్చుట మన నావికులకు నేడు తెలియని విద్య కాదు. 2024 జనవరిలో ఏడెన్ సింధుశాఖయందు క్షిపణి తగిలి మండుచున్న 'మార్లిన్ లువాండా' అను చమురు ఓడకు, మన 'విశాఖపట్టణం' అను యుద్ధనౌక పోయి, ఆ యోడవారితో కలిసి నిప్పులార్చెను. అందలి పనివారిలో 22 మంది భారతీయులు. 1940లో కాశీ పేరుగల ఓడకు లభింపని సహాయము, 2024లో విశాఖ పేరుగల ఓడ అందించినది. స్వాతంత్ర్యమునకు అర్థమేమని యడుగువారికి ఇది చాలును.

బ్రతికినవారికి చేసినది చనిపోయినవారికి చేయుట కష్టము గాదు. పుస్తకములో మూతబడిన ఆ పేర్లను భారతప్రభుత్వము దేశభాషలన్నిటను ప్రకటింపవలెను. 1971 విజయస్మారకము నిలిచిన విశాఖ సాగరతీరముననే వానిని రాతిపై చెక్కింపవలెను. ఏటేట ఏప్రిలు 5న జాతీయ నావికాదినమున వానిని చదివింపవలెను. ఓడ ఆగకపోవుటకు యుద్ధము కారణమై యుండెను. మనము మఱచుటకు ఏ కారణము గలదు?