పెరటికి నీటి పొదుపు

అనంతపురము వంటి అల్పవర్షసీమలలో వేసవి వచ్చినంతనే తోటను విలాసమని యెండబెట్టుటయు, మధ్యాహ్నపుటెండలో గొట్టము విప్పి మడులు ముంచుటయు సమానమగు నవివేకములే. మొక్కకు వలసినది వేళ్లచెంత నిలుచు తేమయే గనుక, ప్రాతఃకాలముననే నీరుపోసి, పాదులలో నెండుటాకులు పఱచి, మట్టికుండను కంఠము వఱకు పాతి నింపినచో, దాని సూక్ష్మరంధ్రములగుండ జలము నేలకు మెల్లమెల్లగా స్రవించి, ఆవిరియగు నష్టము మిక్కిలి తగ్గును. బియ్యము కడిగిన నీటిని పాదులకు మళ్లించుట మన యిల్లాండ్రెఱిగిన విద్యయే. 100 చదరపు మీటర్ల మిద్దెపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో నించుమించు 1,000 లీటర్లు లభించును. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) వాననీటి సంరక్షణమును నిర్దేశించియున్నను, ఆ నీటిని మురుగుకాలువల పాలు చేయుచున్నాము. కావున పురపాలక సంఘములు ఇంకుడుగుంత లేని యింటికి కొత్త బోరును అనుమతింపరాదు. గృహస్థులు మానవలసినది దుబారానే గాని తోటను గాదు.