పాట పిట్టను చంపిందెవరు?

అది తోటలను పాడుచేయదు. ఎవరి జోలికీ పోదు. మనసారా పాడుతుంది, అంతే. అటువంటి పిట్టను చంపడం పాపమని ఒక తండ్రి తన పిల్లలకు చెబుతాడు. అమెరికా రచయిత్రి హార్పర్ లీ 1960లో వెలువరించిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలకు ఆ పిట్ట పేరే పెట్టారు. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందిన ఈ నవల తలపుకు వచ్చినప్పుడల్లా మమ్మల్ని ఒకే ప్రశ్న వేధిస్తుంది. ఇంతకూ పిట్టను చంపిందెవరు?

కథ 1930లలో అలబామా రాష్ట్రంలోని మేకోంబ్ అనే కల్పిత పట్టణంలో నడుస్తుంది. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ ఒక తెల్ల యువతిపై అత్యాచారం చేశాడని నింద. ఆమె ముఖానికి కుడివైపున గాయాలు. అవి ఎడమచేతి వాటం మనిషి కొట్టిన దెబ్బలు. టామ్ ఎడమ చేయి చిన్ననాడే పత్తి జిన్నింగ్ యంత్రంలో చిక్కుకుని చచ్చుబడింది. ఎడమచేతి వాటం ఆమె తండ్రిది. లాయరు ఆటికస్ ఫించ్ ఇదంతా నిండు కోర్టులో చూపిస్తాడు. అయినా జ్యూరీలోని తెల్లవారు టామ్‌ను దోషి అన్నారు. చివరకు జైలు నుండి పారిపోబోతూ అతడు 17 తూటాలకు బలయ్యాడు.

అతడు చేసిన నేరమేమిటి? దిక్కులేకుండా బతుకుతున్న ఆ పిల్లకు పైసా తీసుకోకుండా చిన్నాచితకా పనులు చేసిపెట్టాడు. ఎందుకు చేశావని అడిగితే, జాలిపడ్డానన్నాడు. నల్లవాడు తెల్లపిల్లపై జాలిపడడమా! అతని మంచితనమే అతనికి ఎదురు సాక్ష్యమైంది.

ఇటువంటివి కథల్లోనే జరుగుతాయనుకోరాదు. 1931లో అదే అలబామాలో, స్కాట్స్‌బరో కేసులో, 9 మంది నల్లజాతి కుర్రాళ్లపై ఇదే నింద మోపారు. కొద్ది వారాలలోనే 8 మందికి మరణశిక్ష విధించారు. నింద మోపిన ఇద్దరు స్త్రీలలో ఒకరు 1933లో అది అబద్ధమని కోర్టులోనే ఒప్పుకున్నారు. ఆ శిక్షలు అమలు కాలేదు గాని కుర్రాళ్ల యవ్వనం జైళ్లలో గడిచింది. చివరి ముగ్గురికి రాష్ట్రం క్షమాపణ పత్రం ఇచ్చింది 2013లో! అప్పటికి వారెవరూ బతికి లేరు.

నవలలోని జ్యూరీ సభ్యులు దుండగులు కారు. సేద్యం చేసుకునే మామూలు మనుషులు. సాక్ష్యం విన్నారు గాని, తీర్పు ఇంటి దగ్గరే రాసుకుని వచ్చారు. ఉర్దూలో దీనినే బద్‌గుమానీ అంటాము. తుపాకీ పేలకముందే పిట్టను చంపింది అదే. తండ్రి గెలుస్తాడని నమ్మిన ఆటికస్ కొడుకు జెమ్ ఆ తీర్పు విని ఏడ్చాడు. ఆ పసివాడి నమ్మకం కూడా ఆ రోజే నేలకూలింది.

ఇటువంటి కథ చదివితే మనం వెంటనే టామ్ పక్కన నిలబడతాము. నిందలు మోసినవారికి అది సహజం. కాని ఒక్కసారి జ్యూరీ బెంచీపై కూడా కూర్చుని చూసుకుందాము. ఇంట్లో ఉంగరం కనబడకపోతే మొదట ఎవరిని అనుమానిస్తాము? పనిమనిషినే కదా! ఉంగరం ఏ బీరువా మూలనో దొరుకుతుంది. మరి ఆమె పరువో? 'వాళ్లంతా అంతే' అని దస్తర్‌ఖాన్ దగ్గర మనం అనే మాటను పక్కనే కూర్చున్న పిల్లలు వింటూనే ఉంటారు. రేపటి జ్యూరీ వారే. కళ్లారా చూడనిది, విచారించి తెలుసుకోనిది వారి ముందు అనకుండా ఉందాము.