ఒకే ఒక్క పతకం

1977 నుంచి దాదాపు పదేళ్లపాటు 400 మీటర్ల హర్డిల్స్‌లో పోటీ అంతా రెండో స్థానానికే. మొదటి స్థానం అమెరికాకు చెందిన ఎడ్విన్ మోజెస్‌ది. వరుసగా 122 పరుగుల్లో ఓటమి ఎరుగని ఆ దిగ్గజాన్ని 1988 సెప్టెంబరు 25న సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో ఇద్దరు దాటేశారు. 47.19 సెకన్లతో గెలిచిన ఆండ్రే ఫిలిప్స్‌ది కూడా అమెరికాయే. చివర్లో దూసుకొచ్చి రెండోస్థానంలో నిలిచిన అమడూ దియా బా మాత్రం పశ్చిమాఫ్రికా దేశం సెనెగల్ బిడ్డ. ఆయన సమయం 47.23 సెకన్లు. స్వర్ణం చేజారింది సెకనులో వందో వంతులు నాలుగింటి తేడాతో. మోజెస్ కాంస్యంతో సరిపెట్టుకున్నారు.

ప్రపంచం ఆ రజతం గురించి మాట్లాడుకునే లోపే బెన్ జాన్సన్ డోపింగ్ ఉదంతం బద్దలైంది. మిగతా వార్తలన్నీ వెనక్కిపోయాయి. సెనెగల్‌లో మాత్రం ఆ పతకం ముందు ఏ వార్తా నిలవలేదు. 1964 నుంచి ఒలింపిక్స్‌కు వెళ్తున్న ఆ దేశానికి అదే తొలి పతకం.

అది అదృష్టం కొద్దీ దొరికింది కాదు. 1984 లాస్ ఏంజెలిస్ ఫైనల్లో దియా బా 49.28 సెకన్లతో ఐదోస్థానంలో నిలిచారు. మహిళల విభాగంలో ఇదే పోటీలో పి.టి. ఉష సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నదీ ఆ క్రీడల్లోనే. ఉషకు ఒలింపిక్ పతకం మళ్లీ అందలేదు. దియా బాకు అందింది. నాలుగేళ్ల తర్వాత, 30వ ఏట, ఆయన తన ఫైనల్ సమయంలో రెండు సెకన్లకు పైగా తగ్గించారు. జాంబియాకు చెందిన శామ్యూల్ మటేటె 1991లో 47.10 సెకన్లతో అధిగమించేదాకా ఆఫ్రికా రికార్డు దియా బాదే.

సెనెగల్‌కు ఈ పతకం ఎందుకంత ప్రియమో తెలియాలంటే 1960కి వెళ్లాలి. దేశం స్వతంత్రమైన ఆ ఏడాదే రోమ్‌లో అబ్దులాయ్ సేయ్ 200 మీటర్ల కాంస్యం గెలిచారు. సేయ్ పుట్టింది సెనెగల్‌లోని సెయింట్ లూయీలో. పతకం జమ అయింది మాత్రం ఫ్రాన్స్ ఖాతాలో. మరో 28 ఏళ్లకు గానీ సెనెగల్ సొంత ఖాతా తెరవలేకపోయింది.

తెరిచిన ఖాతాలో రెండో పద్దు పడకపోవడమే విషాదం. 2001లో అమీ ఎంబకె థియామ్ 400 మీటర్ల ప్రపంచ విజేత అయ్యారు. ఒలింపిక్ పతకం మాత్రం 2024 పారిస్ వరకూ మరొకటి రాలేదు. నాలుగేళ్లకోసారి దియా బా పేరు గుర్తొస్తుంది. అందులో గర్వం ఎంతో, ఆ తర్వాత ఎవరూ రాలేదన్న లోటూ అంతే. 2026 యువజన ఒలింపిక్స్ డకార్‌కు దక్కాయి. ఒలింపిక్ క్రీడల ఆతిథ్యం ఆఫ్రికా గడ్డకు దక్కడం ఇదే ప్రథమం. ఆ నగరంలోనే పుట్టిన దియా బాకు అసలైన సన్మానం ఒక్కటే. ‘సెనెగల్ ఏకైక పతక విజేత’ అన్న బిరుదును ఏ కుర్రవాడో, ఏ అమ్మాయో ఆయన నుంచి లాగేసుకోవడం.