సూదంటురాయి రేణువులు - సరిహద్దు పల్లెల రోగులు

తొరపాడి, గుడియాత్తం ప్రాంతాల తెలుగు కుటుంబాలకైనా, చిత్తూరు, పలమనేరు పల్లెల వారికైనా పెద్ద జబ్బు అనగానే స్ఫురించే ఊరు వేలూరు. 1900లో ఐడా స్కడర్ ప్రారంభించిన చిన్న వైద్యశాలయే నేటి సి.ఎం.సి. ఆసుపత్రి. 1986లో మద్రాసు నుండి తెచ్చిన రక్త నమూనాలను ఇక్కడ పరీక్షించగా, దేశంలో తొలి హెచ్.ఐ.వి. కేసులు వెల్లడయ్యాయి.

అయితే అనేక వ్యాధుల తొలి దశలో వాటి ఆనవాళ్ళు శరీరంలో అత్యల్పం. సాధారణ పరీక్షకు అవి చిక్కవు. "లేదు" అన్న ఫలితంతో రోగి ఇంటికి మరలుతాడు, రోగం లోలోపల పెరుగుతుంది. ఈ లోపాన్ని సవరించేందుకు శాస్త్రజ్ఞులు బయోసెన్సర్లలో అయస్కాంత నానో రేణువులను వినియోగిస్తున్నారు.

నానోమీటరు అనగా మీటరులో నూరు కోట్లవ వంతు. ఐరన్ ఆక్సైడుతో చేసిన 10-20 నానోమీటర్ల రేణువులకు, వెదకవలసిన క్రిమికి మాత్రమే అంటుకునే ప్రతిరక్షకాలను తగిలిస్తారు. ధాన్యపు రాశిలో పడిన సూదిని వేళ్ళతో వెదకడం కష్టం. సూదంటురాయి చూపితే అదే పైకి వస్తుంది. ఇక్కడా అంతే. అయస్కాంతంతో రేణువులను ఒకచోటికి లాగి, మిగిలిన ద్రవాన్ని కడిగివేస్తారు. అయస్కాంతం తొలగించగానే రేణువులు ఆకర్షణ కోల్పోయి మరల విడివడతాయి. రక్తానికి అయస్కాంత గుణం దాదాపు లేదు గనుక, రేణువుల సంకేతం అందులో స్పష్టంగా తెలుస్తుంది.

ఇది కేవలం ఊహ కాదు. 2020లో కోవిడ్ నమూనాల నుండి వైరస్ ఆర్.ఎన్.ఏ.ను అనేక ప్రయోగశాలలు అయస్కాంత పూసలతోనే వేరుచేశాయి.

చిక్కులూ లేకపోలేదు. రేణువులకు అక్కరలేని ప్రోటీన్లు అంటుకుంటే లేని రోగం ఉన్నట్లు చూపవచ్చు. ప్రతిరక్షకాలు ఎండవేడికి చెడిపోతాయి. చల్లని ప్రయోగశాలలో నెగ్గిన పరికరం, వేసవిలో కరెంటు నిలకడలేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ నెగ్గాలి. దాని ధర, నడపగల సిబ్బంది, రోగం తేలిన పిమ్మట మందులు - ఈ మూడింటినీ ప్రభుత్వాలు ఆలోచించకున్న, ఒక్క రోజు కూలి పోగొట్టుకొని బస్సెక్కే రోగికి ఒరిగేది లేదు.

అంతవరకు పాఠకులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. రెండు వారాలకు మించి దగ్గు తగ్గకుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితం. ఒకసారి "లేదు" అని వచ్చినా బాధ తీరకుంటే వైద్యుని మరల కలవాలి.