ఇంజను గురించే చెబుతున్నాం, మరి బ్రేకు?

పిల్లలూ! మా కాణిపాకంలో వినాయకుణ్ణి దర్శించుకొని తిరుమలకు వెళ్లే బస్సులు రోజూ చూస్తుంటాం. ఆ కొండ ఎక్కడానికి గట్టి ఇంజను కావాలి. దిగేటప్పుడు మాత్రం డ్రైవరు కాలు బ్రేకును వదలదు.

మొన్న తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు, "రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిది గదా సార్!" అన్నాడు. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి ఎన్నో పొడి డబ్బాల మీద ఈ మాటే కనిపిస్తోంది. తప్పు వాడిది కాదు. తెల్ల రక్తకణాలు సైనికులనీ, క్రిములు శత్రువులనీ చెప్పి మా ఉపాధ్యాయులమూ పాఠం ముగిస్తున్నాం. అది సగం పాఠమేనని నా అభిప్రాయం.

మిగతా సగం ఇది. తెల్ల రక్తకణాలలో టి-కణాలనేవి ఒక రకం. వాటి పైపొర మీద పీడీ-1 అనే ప్రోటీను ఉంటుంది. 1992లో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం దీన్ని కనుగొంది. మన ఇతర కణాల మీద ఉండే పీడీ-ఎల్1 అనే ప్రోటీను వచ్చి దీనికి అతుక్కుంటే టి-కణం జోరు తగ్గుతుంది. ఇదే బ్రేకు. 1999లో అదే బృందం ఈ జన్యువు లేని ఎలుకలను పరిశీలించింది. వయసు ముదిరేకొద్దీ వాటి రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్లనూ మూత్రపిండాలనూ దెబ్బతీసింది! శక్తి తక్కువై వచ్చిన జబ్బు కాదది.

కొన్ని క్యాన్సరు కణాలు గడుసువి. పీడీ-ఎల్1ను ఒంటినిండా తొడుక్కొని, తమను చంపవచ్చిన టి-కణం బ్రేకును అవే తొక్కేస్తాయి. ఆ తొక్కుడును ఆపే మందులు వచ్చాయి. ఈ మార్గం చూపినందుకు హోంజోకూ, మరో బ్రేకు మీద పనిచేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ అలిసన్‌కూ 2018లో నోబెల్ బహుమతి లభించింది. అయితే ఆ మందులు వాడినవారిలో కొందరికి టి-కణాలు పేగుల మీదికో, థైరాయిడ్ గ్రంథి మీదికో తిరగబడుతుంటాయి. బ్రేకు వదిలితే అంతే మరి.

ఇలాంటి మందును మనిషికి ఇవ్వకముందే పరీక్షించడమెలా? అందుకు విడిగా పీడీ-1 కావాలి. రక్తంలోంచి తీద్దామంటే అది చాలా కొద్దిగా ఉంటుంది. కనుక మనిషి పీడీ-1 జన్యువులో కావలసిన భాగాన్ని, ప్రయోగశాలలో పెంచే కణాలలోకి చేరుస్తారు. ఒక జాతి చిట్టెలుక అండాశయ కణాలు ఈ పనికి బాగా పనికివస్తాయి. అవి ఆ ప్రోటీనును తయారుచేసి పోషకద్రవంలోకి వదులుతాయి. జన్యువును చేర్చేటప్పుడే ప్రోటీను చివర హిస్టిడిన్ అనే ఎమైనో ఆమ్లం ఆరుసార్లు వరసగా వచ్చేట్లు చూస్తారు. ఈ తోక నికెల్‌కు అతుక్కుంటుంది, తక్కినవన్నీ కడిగితే పోతాయి. ఎంత చక్కని ఉపాయం! ఇలా వచ్చిన ప్రోటీను మందు కాదు, పరిశోధనకు పనిముట్టు. చిన్న సీసాలలో మైక్రోగ్రాముల లెక్కన దొరుకుతుంది. పీడీ-ఎల్1 పూసిన గుంటల పళ్లెంలో దీన్ని వేసి, పరీక్షించవలసిన మందును కలిపి, రెండూ అతుక్కున్నాయో లేదో రంగును బట్టి తెలుసుకుంటారు.

ఇది మనకు అందని విద్య కాదు. ఒక కణంలోకి మరో జీవి జన్యువును చేర్చే ఈ పద్ధతితోనే, ఈస్టు కణాల సాయంతో, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది.

ఇకమీదట నల్లబల్ల మీద టి-కణం బొమ్మ వేసినప్పుడల్లా దాని అంచున పీడీ-1ను కూడా గీస్తున్నాను. పాఠ్యపుస్తకంలోనూ ఆ చిన్న గీత ఉండాలని నా కోరిక.