పొమ్మన్నవాళ్ళు టిక్కెట్టు కొనలేదు

'మీ దేశం పొండి' అనే మాట మాకు కొత్త కాదు. క్రికెట్టు మ్యాచి రోజు అంటారు. ఎన్నికలప్పుడు అంటారు. అద్దెకి ఇల్లు అడిగితే నోటితో అనకపోయినా మొహంతో అంటారు. ఆ పొమ్మనే దేశం ఏ దిక్కున ఉందో మా వాళ్ళలో చాలామందికి తెలియదు. కానీ పోవటం అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. మేం పోతూనే ఉన్నాం. మీరనుకునే చోటికి కాదు. కువైటుకి, దుబాయికి, దమ్మాముకి, జెద్దాకి, మస్కట్‌కి, దోహాకి. మతం కోసం కాదు, కూలి కోసం.

ఆ పోవటం గురించి ఇన్నాళ్ళూ మా తరఫున ఇతరులే మాట్లాడారు. సినిమాలో దుబాయి అంటే స్మగ్లరు. పత్రికలో అరబ్బు అంటే పెట్రో డాలరు. రాజకీయ సభలో అరబ్బు సొమ్ము అంటే మా మసీదు మినారు. ఈ మూడింటి మధ్య, సూట్‌కేసుకి తాడు కట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరికీ కనపడలేదు. అతని ప్రయాణం ఎంత దూరమో ఎవరూ లెక్క వేయలేదు.

విమానంలో కూర్చునేది మూడు నాలుగు గంటలే. హైదరాబాదు నుంచి విజయవాడకి బస్సులో అంతకంటే ఎక్కువ పడుతుంది. కానీ ఆ మనిషి ప్రయాణం విమానంలో మొదలవదు. అప్పుతో మొదలవుతుంది. రిజిస్టరైన ఏజెంటు మనిషి దగ్గర 30,000 రూపాయలకి మించి, దాని మీద పన్నుకి మించి పుచ్చుకోకూడదని రూలుంది. ఆ డబ్బుతో విమానం ఎక్కినవాణ్ణి మా వీధిలో నేనింతవరకు చూడలేదు. పెళ్ళాం మెళ్ళో నల్లపూసలు, చెల్లెలి పెళ్ళికి దాచిన రెండు గాజులు, అబ్బాజాన్ పేరున ఉన్న సెంటున్నర జాగా, ఇవన్నీ కలిస్తే ఒక వీసా. అది కూడా 'ఆజాద్ వీసా' అని చెప్పి అమ్ముతారు. పేరు ఆజాద్. పోయినవాడికి ఆజాదీ ఒక్క రోజు కూడా ఉండదు.

1980ల్లో, 90ల్లో మా వాళ్ళలో ఎక్కువమందికి బొంబాయే రేవు. కడప వాళ్ళు మద్రాసు నుంచి బొంబాయి పోయే రైల్లో, రిజర్వేషన్ లేని పెట్టెలో, కక్కసు పక్కన గుడ్డ పరుచుకుని పోయేవాళ్ళు. డోంగ్రీలో, భిండీ బజారులో ఒక్కో గదిలో ఇరవైమంది పడుకునేవాళ్ళు. వారంలో వస్తుందన్న వీసా మూడు నెలలకు వచ్చేది. రాకపోతే ఊరికి తిరిగి రావటానికి మొహం చెల్లక అక్కడే హోటల్లో కప్పులు కడుక్కుంటూ ఉండిపోయినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు మాత్రం బళ్ళో 'మా అబ్బా దుబాయిలో ఉన్నాడు' అని చెప్పుకునేవాళ్ళు. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచాక బొంబాయి మజిలీ తగ్గింది. అప్పు తగ్గలేదు.

తర్వాత మెడికల్. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి తగ్గిపోయిన క్షయ మచ్చ ఎక్స్‌రేలో కనపడితే 'అన్‌ఫిట్'. ఏజెంటుకిచ్చింది తిరిగి రాదు. బీడీ కార్ఖానాల్లో, రాతి క్వారీల్లో, దూది ఏకే కొట్లలో పెరిగిన మా వాళ్ళ ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

ఆ తర్వాత పాస్‌పోర్టు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాసవనివాడు గల్ఫులో కూలికి పోవాలంటే ప్రభుత్వం దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. అది కూలివాడి రక్షణ కోసమే అన్నారు. సరే. మరి 2018 జనవరిలో ఇలాంటివాళ్ళ పాస్‌పోర్టుకి నారింజ రంగు అట్ట వేస్తామని ఎందుకు ప్రకటించారు? చదువులేనివాణ్ణి దూరం నుంచే రంగుతో గుర్తుపట్టటం ఏ రక్షణ? గొడవ జరిగాక ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకున్నారు. ఆ ఆలోచన పుట్టిన బుర్ర మాత్రం అక్కడే ఉంది.

పాస్‌పోర్టు విచారణకు మా ఇంటికొచ్చిన పోలీసాయన అడిగిన మొదటి ప్రశ్న, 'పాకిస్తాన్‌లో చుట్టాలెవరన్నా ఉన్నారా?' అదే నెలలో మా పక్కింటి అబ్బాయికి అమెరికా చదువు కోసం విచారణ జరిగింది. ఆ ఇంట్లో కాఫీ తాగి, అబ్బాయి వీపు తట్టి పోయారు. ఇద్దరివీ భారతదేశపు పాస్‌పోర్టులే. ఇద్దరూ పరదేశమే పోతున్నారు. ఒకడు పోతే 'ఎన్నారై', ఊరికి గౌరవం. ఒకడు పోతే 'దుబాయోడు', ఊరికి అనుమానం. ఇద్దరూ పంపే డబ్బు ఈ దేశపు బ్యాంకుల్లోనే పడుతుంది. 2022లో ప్రవాసులు మన దేశానికి పంపింది పదివేల కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచంలో ఏ దేశానికీ అంత రాలేదు. అందులో రాళ్ళెత్తినవాడి చెమట ఎంతో, కంప్యూటరు ముందు కూర్చున్నవాడి తెలివి ఎంతో డాలరు మీద రాసి ఉండదు. అయినా మావాడి డాలరొక్కటే 'విదేశీ సొమ్ము' ఎలా అయింది?

ఇంకో సంగతి. గల్ఫు కేవలం సాయిబుల దేశమా? సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాదు వైపు పోయి చూడండి. పద్మశాలీలు, ముదిరాజులు, గొల్లలు, మాల మాదిగలు ఇంటికొకడు చొప్పున పోయారు. గోదావరి జిల్లాల నుంచి దళిత స్త్రీలు కువైటు ఇళ్ళల్లో పనికి పోయారు. కడప నుంచి మా ఆడవాళ్ళూ పోయారు. లేబరు క్యాంపులో మంచం మీద మంచం. కింద మంచంలో మస్తాన్ వలి, పై మంచంలో మల్లేశం. ఒకే కుండలో వండుకుంటారు. అకామా రెన్యూ కాకపోతే ఇద్దరూ ఒకే రాత్రి 'ఖల్లివెల్లి' అయిపోతారు. మల్లేశం తిరిగొస్తే 'పాపం, బతుకుతెరువుకి పోయాడు' అంటారు. మస్తాన్ వలి తిరిగొస్తే గడ్డం ఎంత పెంచాడో చూస్తారు.

అసలు మా పేర్ల సంగతే చూడండి. మస్తాన్ వలి, దస్తగిరి, నాగుల్ మీరా, లాల్‌బీ, హుస్సేన్‌బీ. ఇవి అరబ్బుల పేర్లనుకుంటారు మీరు. అరబ్బు ఆఫీసరు వీటిని కూడబలుక్కుని చదువుతాడు. ఇవి ఈ నేల మీది దర్గాల పేర్లు, పీర్ల పేర్లు. మా ఊళ్ళల్లో మొక్కుకుని పుట్టినవాళ్ళకి పెట్టుకున్న పేర్లు. అందుకే మీ ఇళ్ళల్లోనూ మస్తానమ్మలు, హుస్సేనయ్యలు, ఫకీరయ్యలు ఉన్నారు. ఇక ఇంటి పేరు షేక్. అరబ్బుల్లో షేక్ అంటే దొర, తెగకు పెద్ద. తాపీ పట్టుకుని నిలబడ్డవాడి కాగితంలో షేక్ అని చూసి అక్కడి గుమాస్తా నవ్వుతాడు. 2022 నవంబరులో దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశం, పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళని విజిట్ వీసా మీద రానివ్వమంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన మా పేదవాళ్ళ పాస్‌పోర్టులు ఒక్క రోజులో పనికిరానివయ్యాయి. ఇక్కడ మా పేరు తురక పేరు. అక్కడ మా పేరు పేరే కాదు.

అక్కడ మమ్మల్ని ఏమంటారో తెలుసా? 'హిందీ' అంటారు. అరబ్బీలో హిందీ అంటే హిందుస్తానీవాడని. నమాజులో అరబ్బు పక్కన భుజం ఆనించి నిలబడతాం. సలాం తిప్పాక అతను ముదీర్, మనం హిందీ. మక్కా ఉన్న దేశంలో కూడా మా పాస్‌పోర్టు ఖఫీల్ బీరువాలోనే ఉంటుంది. పాస్‌పోర్టు గుంజుకోకూడదని అక్కడి చట్టాలూ చెబుతాయి. బీరువా తాళం మాత్రం చట్టం దగ్గర లేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులోకి దిగింది. ఒక ముస్లిం దేశం ఇంకో ముస్లిం దేశాన్ని మింగింది. ఉమ్మత్ గురించి ఉపన్యాసాలిచ్చిన రాజులూ సద్దాములూ మా కూలీల గురించి ఒక్క మాట అనలేదు. మా వాళ్ళు బస్సుల్లో, లారీల్లో బస్రా మీదుగా, బాగ్దాదు మీదుగా ఎడారి దాటి జోర్డాను చేరారు. నీళ్ళకి కొట్లాడుకున్నారు. ఎండలో గుడారాల్లో పడి ఉన్నారు. అమ్మాను నుంచి ఎయిరిండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షా డెబ్భై వేలమందికి పైగా ఇల్లు చేర్చింది. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2016లో దాని మీద హిందీ సినిమా వచ్చింది. అందులో హీరో ఒక వ్యాపారి. కూలీలు వెనక గుంపు.

ఆ ఎడారిలో గుడారం ముందు కూర్చున్నవాడికి తన దేశం ఏదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆకాశంలోకి చూస్తూ ఏ విమానం కోసం ఎదురుచూశాడో అదే వాడి దేశం. వాడు అక్టోబరుకల్లా హైదరాబాదు చేరాడు. డిసెంబరులో పాతబస్తీ తగలబడింది. వందమందికి పైగా చచ్చారు. తెచ్చిన దేశమే రెండు నెలలు తిరక్కుండా 'పో' అంది. రెండేళ్ళకు బాబ్రీ మసీదు కూలింది. ఇంత జరిగినా వాడు మళ్ళీ పోయింది కువైటుకే, మళ్ళీ తిరిగొచ్చింది ఈ ఇంటికే. దీన్నేమంటారు? మీ నిఘంటువులో దేశభక్తి అనే మాటకి ఈ అర్థం చేర్చుకోండి.

చదువుకున్న ముస్లింకి ఈ బాధలు లేవంటారా? అబ్దుల్ కలాం ఈ దేశానికి రాష్ట్రపతిగా చేశారు. 2009లో ఢిల్లీ విమానాశ్రయంలో ఒక అమెరికా విమాన సంస్థవాళ్ళు ఆయన్ని నిలబెట్టి తడిమి చూశారు. 2011లో న్యూయార్కులో ఆయన కోటూ బూట్లూ తీసుకుపోయి సోదా చేశారు. అణ్వస్త్రాల పరీక్షలో చేయి ఉన్నవాడికీ, భగవద్గీత చదివేవాడికీ, వీణ వాయించేవాడికీ పేరు అడ్డొచ్చింది. మరి మా పిల్లాడు ఏం చదివితే అడ్డు రాదు? 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక పోలీసులు పట్టుకుపోయిన మా కుర్రాళ్ళని తర్వాత కోర్టులు నిర్దోషులన్నాయి. కేసు నడుస్తున్నవాడికి పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపే అధికారం చట్టంలోనే ఉంది. అంటే ఉండమంటే అనుమానం, పోతామంటే కేసు.

ఇంతవరకు మీతో. ఇక మా వాళ్ళతో.

మా వీధిలో వీసా అమ్మేవాడు పరాయి మతం వాడు కాదు. మసీదు కమిటీలో ముందు వరసలో కూర్చుంటాడు. మోసపోయినవాడు పంచాయితీకొస్తే 'కిస్మత్' అంటాడు. 1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయే విమానంలో ఏడుస్తున్న పదకొండేళ్ళలోపు పిల్లని ఎయిర్‌హోస్టెస్ గమనించింది. పక్కన అరవయ్యేళ్ళ సౌదీ ముసలాడు. పెళ్ళయిందన్నాడు. అదీ ఒక పరదేశ ప్రయాణమే. ఆ పిల్లకి పాతబస్తీలో నిఖా చదివినవాడెవరు? మన ఖాజీ. సాక్షి సంతకాలెవరివి? మనవి. దాన్ని హిందూ పత్రికలు పెద్దవి చేశాయని కోప్పడ్డాం గానీ, మన దర్వాజాలోంచి అది ఎలా బయటికి పోయిందో అడగలేదు. అరబ్బు ఇళ్ళల్లో ఖద్దామాలుగా పోయిన మన ఆడవాళ్ళు తిరిగొచ్చి నోరిప్పితే, 'మన మతం పరువు పోతుంది' అని నోరు మూయించేది ఎవరు?

ఇంకొకటి కూడా తెస్తున్నారు అక్కణ్ణుంచి. పీర్ల పండగ హరామ్, ఉర్సు హరామ్, ఫాతెహా హరామ్. ఏ దర్గా పేరు పెట్టుకుని పుట్టావో ఆ దర్గాకి పోవటమే తప్పన్నమాట. ఊరంతా కలిసి అలావా చుట్టూ తిరిగిన రోజులని, మాదిగ డప్పుతో లేచిన పీర్లని, మల్లేశం అమ్మ పోసిన పానకాన్ని మన చేత్తోనే చెరిపేసుకోవాలా? నిన్ను హిందీ అన్నవాడి దగ్గర నువ్వు అసలైన ముస్లిమనే సర్టిఫికెట్టు తెచ్చుకోవటం ఏమిటి? ఇక్కడొకరు దేశభక్తికి సర్టిఫికెట్టు అడుగుతున్నారు. అక్కడొకరు ఈమాన్‌కి అడుగుతున్నారు. ఈ రెండూ మనకు అక్కర్లేదు.

చావు సంగతి కూడా చెప్పాలి. క్యాంపులో మల్లేశం చస్తే నెలకో రెణ్ణెల్లకో పెట్టెలో శంషాబాదు వస్తాడు. తల్లి పెట్టె మీద పడి ఏడుస్తుంది. మావాడు చస్తే చాలాసార్లు ఇంటికి ఒక కాగితం వస్తుంది, అక్కడే మన్ను చేయటానికి మాకు అభ్యంతరం లేదని. ముస్లిం దేశమే కదా, మన్ను ఏదైతేనేం అంటారు పెద్దలు. తల్లి వేలిముద్ర వేస్తుంది. ఆమెకి కొడుకు మొహం చూపేవాళ్ళు లేరు, జనాజా లేదు, శుక్రవారం పోయి ఫాతెహా చదవటానికి ఖబరు లేదు. గల్ఫులో చచ్చినవాడి కుటుంబానికి 5 లక్షలిస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కానీ ఇక్కడ శవం లేదు, కాగితం అరబ్బీలో ఉంది. ఆ తల్లి ఏ ఆఫీసులో ఎవరికి చూపాలి?

మాకు దయ అక్కర్లేదు. పోయేముందు ఏజెంటు కాక బ్యాంకు అప్పివ్వాలి. విచారణకొచ్చేవాడు మల్లేశాన్ని అడిగిన ప్రశ్నలే మస్తాన్ వలిని అడగాలి. రూలు దాటి డబ్బు తీసుకున్న ఏజెంటుని, వాడు మసీదులో ఏ వరసలో కూర్చున్నా సరే, జైల్లో పెట్టాలి. చచ్చినవాడి కాగితాన్ని తెలుగులో చేసి తల్లి చేతికివ్వాలి. తిరిగొచ్చిన ఆడమనిషి చెప్పేది కూర్చుని వినాలి. ఇవి అడగటానికి మేం ఏ మతంవాళ్ళమో చెప్పక్కర్లేదు. పన్ను కట్టే మనుషులమైతే చాలు.

మీరు ఎన్నిసార్లు పొమ్మన్నా మా టిక్కెట్టు మేమే కొనుక్కున్నాం. అప్పు చేసి కొనుక్కున్నాం. రాకపోకలు రెంటికీ కలిపి కొనుక్కున్నాం. రావటం దగ్గర ప్రతిసారీ ఈ ఊరి పేరే రాయించుకున్నాం.