సంతకం పెట్టే ముందు

బెంగళూరుకు గంటన్నర దూరంలో ఆర్గానిక్ ఫార్మ్, కొండల వ్యూ, స్వచ్ఛమైన గాలి, మామిడీ శ్రీగంధం మొక్కలు మేమే నాటి పెంచి ఇస్తాం, శని ఆదివారాలు వచ్చి సేద తీరండి. ఇలాంటి ప్రకటనలు ఈమధ్య మనందరి ఫోన్లలోనూ కనిపిస్తున్నాయి. చిక్కబళ్ళాపురం దాటితే హైవే పొడవునా బోర్డులు. బాగేపల్లి, చింతామణి పేర్లు వాటిలో పదేపదే వస్తాయి. కొన్నిటి మీద 'ర్యాంచ్' అని కూడా రాస్తున్నారు. అది గుర్రాలూ పశువుల మందలూ ఉండే అమెరికా మైదానాల మాట. మనం చేను అంటాం, తోట అంటాం, ఏమీ పండకపోతే బీడు అంటాం.

ఆ ప్రకటనల్లో ఎకరా ధర ఉంటుంది, ఎయిర్‌పోర్టు ఎంత దూరమో ఉంటుంది. నిన్నటిదాకా ఆ చేనులో ఎవరు కలుపు తీశారు, ఎవరి ఆవు ఆ గట్టు మీద మేసింది, అమ్మేటప్పుడు ఆ ఇంటి కూతుర్ని ఎవరైనా అడిగారా అనేది మాత్రం ఉండదు.

భూమి అమ్మడం తప్పని నేను అనడం లేదు. అప్పుల్లో ఉన్న రైతుకు నీతులు చెప్పే అర్హత హాస్టల్లో కూర్చుని రాసే నాకు లేదు. నా బాధ రెండు విషయాల గురించి. ఒకటి, ఆ భూమిని ఎవరికీ చెందని ఖాళీ స్థలంలాగా చూపించడం. రెండు, ఆ అమ్మకంలో ఆడపిల్లకు ఒక్క సంతకం తప్ప ఇంకే పాత్రా లేకపోవడం.

ముందు ఆ నేల సంగతి. 2007లో కోలారు నుంచి విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు. బాగేపల్లి, చింతామణి, గుడిబండ వైపు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. చిత్రావతి, పాపాగ్ని, పెన్న మూడూ నంది కొండల చుట్టుపక్కలే పుట్టి మన సీమలోకి వస్తాయి. పుట్టినచోట మాత్రం అవి వానాకాలపు వాగులే. ఆనకట్టలు కట్టిన విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి ఈ జిల్లాలోదే. అయినా జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. చెరువులూ కుంటలూ నిండితే పంట, లేకపోతే బోరు. ఆ బోర్లు ఇప్పుడు వెయ్యి అడుగులు దాటి వెళ్తున్నాయి. కొన్ని ఊళ్ళలో పైకొచ్చే నీళ్ళలో ఫ్లోరైడు.

అలాంటి చోట కూడా జనం రాగులు, వేరుశనగ, కంది, అనుములు పండించారు. మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచారు. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు, చింతామణి టమాటా మార్కెట్టు ఆ కష్టం మీద నిలబడినవే. పట్టుపురుగుల పెంపకంలో రాత్రిపూట లేచి ఆకు వేసేది, తట్టలు మార్చేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే. వాళ్ళని ఎవరూ రైతు అని పిలవరు. పహణిలో వాళ్ళ పేరుండటం అరుదు.

ఇప్పుడే ఇంత జోరుగా ఎందుకు అమ్ముడుపోతోంది? రోడ్డు బాగుపడటం, 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం రావడం రెండు కారణాలు. మూడోది చట్టం. కర్ణాటక భూసంస్కరణల చట్టం 1961 నాటిది. 1974లో దేవరాజ్ అర్స్ ప్రభుత్వం దాన్ని గట్టిగా మార్చింది. దున్నేవాడికే భూమి అన్న మాట అప్పుడు చాలామంది కౌలుదార్లకు నిజమైంది. సేద్యం చేయనివాళ్ళు, బయటి ఆదాయం ఒక హద్దు దాటినవాళ్ళు సాగుభూమి కొనకుండా 79ఎ, 79బి సెక్షన్లు అడ్డుండేవి. 2015లో ఆ ఆదాయ హద్దును 25 లక్షల రూపాయలకు పెంచారు. 2020లో ఆ సెక్షన్లనే తీసేశారు. ఇప్పుడు నాగలి ముట్టనివాళ్ళు కూడా చేను కొనొచ్చు. రైతుకు మంచి ధర వస్తుందని ఒక వాదన. వస్తోంది కూడా, కాదనను. కానీ పక్క ఊరి రైతు రాగులు పండించుకుందామని కొనగలిగే ధర అది కాదు. ఒక్కసారి ఆ ధర పలికిందంటే ఆ చేను మళ్ళీ సేద్యం చేసేవాడి చేతికి రావడం కష్టం.

ఇక 'ఆర్గానిక్' అన్న మాట. దీనికి లెక్క ఉంది. మన దేశంలో సేంద్రియ ధ్రువీకరణ కావాలంటే ఏడాది పంటలకు కనీసం రెండేళ్ళు, మామిడిలాంటి బహువార్షిక పంటలకు మూడేళ్ళు రసాయనాలు లేకుండా సాగు చేసి చూపించాలి. మందులు చల్లని కారణంగా బీడుపడి ఉన్న భూమిని అమ్మేటప్పుడు ఆర్గానిక్ అని బోర్డు పెడితే అయిపోదు. సేంద్రియ సేద్యం అంటే అక్కడ ఎవరో ఒకరు రోజూ ఉండాలి. పెంట తోలాలి, ఆకు కుళ్ళబెట్టాలి, పురుగు పడిందేమో చూసుకోవాలి. శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయే సేద్యాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఈ మాట బెంగళూరు నుంచి వచ్చినదేమీ కాదు. మనవాళ్ళు గొర్రెల కాపర్లకు గింజలిచ్చి చేనులో మంద పెట్టించేవాళ్ళు. నాలుగు రాత్రులు మంద పడుకుంటే ఆ ఏడు చేనుకు ఎరువు సరిపోయేది. బాగేపల్లి కూలీ సంఘం కథ కూడా మనం తెలుసుకోవాలి. కూలీల, చిన్న రైతుల కుటుంబాలే సభ్యులుగా ఉన్న ఆ సంఘం వేల ఇళ్ళకు పేడగ్యాసు పొయ్యిలు కట్టించింది. వాతావరణ మార్పును తగ్గించే అంతర్జాతీయ పథకం కింద అది నమోదైంది. ఒక ఆవో రెండు ఆవులో ఉన్న ఇంట్లో పేడతో పొయ్యి వెలుగుతుంది, కట్టెల కోసం గుట్టెక్కే పని తప్పుతుంది, మిగిలిన పేడనీళ్ళు చేనుకు పోతాయి. ఆవు, పొయ్యి, చేను ఒకదాన్ని పట్టుకుని ఒకటి ఉన్నాయి. చేను పోతే మేత కొనాలి. మేత కొనలేకపోతే ఆవును అమ్మాలి. ఆవు పోతే పొయ్యి ఆరుతుంది, పాల బిల్లు ఆగుతుంది. ఆ పాల డబ్బుతోనే మనలో ఎంతమందికి ఫీజు కట్టారో ఒకసారి ఇంట్లో అడిగి చూడండి.

భూమి లేనివాళ్ళ నష్టం ఇంకా కనపడదు. అమ్మినవాళ్ళకు డబ్బు వస్తుంది. కలుపు కూలికి పోయే ఆమెకు ఏం వస్తుంది? చేను చుట్టూ కంచె పడగానే అంతకుముందు అందరూ నడిచిన బండిదావ మూసుకుపోతుంది. మేకలు తోలుకుపోయే ముసలామె రెండు మైళ్ళు చుట్టు తిరగాలి. కొత్త ఫార్మ్‌లో ఒక వాచ్‌మన్ కుటుంబానికి పని దొరుకుతుంది, నిజమే. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఇరవైమందికి దొరికిన పని మాత్రం దొరకదు.

అవతలి వైపు మాట కూడా చెప్పాలి. రైతు ఎందుకు అమ్ముతున్నాడు? బోరు వేస్తే లక్షలు. ఒకటి ఎండితే ఇంకొకటి. టమాటా ధర ఒక నెల పండగ, మరో నెల రోడ్డు మీద పారబోత. కొడుకులు బెంగళూరులో డ్రైవర్లుగానో డెలివరీ పనిలోనో ఉంటున్నారు. అరవై ఏళ్ళ తండ్రి ఎండలో ఇంకెన్నాళ్ళు దున్నుతాడు? ఆయనది దురాశ అని అనే నోరు నాకు లేదు. బెంగళూరు వాడి వదిలేసిన నీళ్ళను శుద్ధి చేసి హెచ్.ఎన్. వ్యాలీ పథకం కింద ఈ జిల్లా చెరువుల్లో నింపుతున్నారు. ఆ నీళ్ళు పంటకు ఎంత మంచివన్న వాదన నడుస్తూనే ఉంది. నగరం వాడేసిన నీళ్ళు మనకు, మన చేన్లు నగరానికి! ఈ బేరంలో ఎవరు గెలిచారో లెక్కవేయడానికి కామర్స్ డిపార్ట్‌మెంట్ దాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. మన గురించే.

ఇలాంటి అమ్మకాలు చాలా ఇళ్ళలో ఒకే పద్ధతిలో జరుగుతాయి. పెళ్ళయిన కూతుర్ని పండక్కి పిలుస్తారు. చీర పెడతారు. భోజనాలయ్యాక అన్న వచ్చి, "రేపొకసారి రిజిస్ట్రారు ఆఫీసుకు రావాలమ్మా, ఉత్తి సంతకమే" అంటాడు. ఆ కాగితంలో ఏముందో చదివి పెట్టే ఆడపిల్ల ఎంతమందిలో ఒకరు? కొనేవాళ్ళ లాయరుకు మాత్రం ఆ సంతకం విలువ బాగా తెలుసు. ఆమె సంతకం లేకపోతే ఆ చేను కొనడానికి ముందుకు రారు. అంత విలువైన సంతకాన్ని 'ఉత్తి' అని ఎలా అంటాం?

ఆ సంతకం వెనక ఎంత చరిత్ర ఉందో చూడండి. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో చట్టం తెచ్చారు, అది 1985 సెప్టెంబరు నుంచి అమలు. కర్ణాటకలో 1994లో వచ్చింది. ఆ రెండు చట్టాలూ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను వదిలేశాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా, కూతురికి పుట్టుకతోనే హక్కు అయింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న అనుమానం మిగిలితే, అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి స్వార్జితం అయితే వేరే సంగతి, అది ఆయన ఇష్టం. 2004 డిసెంబరు 20కి ముందే సరిగ్గా పంపకాలు జరిగిపోయి ఉంటే వాటిని తిరగదోడలేం. పెద్దల నుంచి వచ్చిన ఉమ్మడి భూమికి మాత్రం మనం హక్కుదారులం. సంతకం కోసం పిలిచే అతిథులం కాము.

"అన్నదమ్ములతో గొడవెందుకు, రేపు పుట్టింటికి రావద్దా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. నిజమే, ఆ భయం చిన్నది కాదు. చాలామంది అమ్మలు ఆ భయంతోనే సంతకం పెట్టారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ నేను గొడవ పెట్టుకోమని చెప్పడం లేదు. అమ్మాలా వద్దా అని ఇంట్లో మాట్లాడుకునే రోజున మనల్ని కూడా కూర్చోబెట్టమంటున్నాను. వాటా వదులుకోవాలనుకుంటే తెలిసి వదులుకోవచ్చు. తెలియక పోగొట్టుకోవడాన్ని త్యాగం అనరు.

ఇంకొక చట్టం మన దళిత, గిరిజన మిత్రుల ఇళ్ళకు చాలా ముఖ్యం. ప్రభుత్వం వాళ్ళకిచ్చిన భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే ఆ అమ్మకం చెల్లదని కర్ణాటకలో 1978 నుంచి చట్టం ఉంది. ఆ భూమిని తిరిగి అడగడానికి కాలపరిమితి అడ్డు రాకుండా 2023లో సవరించారు కూడా. "ఎప్పుడో తాత అమ్మేశాడు, ఇప్పుడేం చేస్తాం" అనుకునే ఇళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

బయటివాళ్ళు భూమి కొంటే చెడ్డదేనా? కాదు. దానికి ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో కొందరు బయటినుంచి వచ్చి 32 ఎకరాల బీడు కొన్నారు. దానికి టింబక్టు అని పేరు పెట్టుకున్నారు. గుట్టలకు నిప్పంటుకోకుండా కాపాడితే చెట్లు వాటంతటవే లేచాయి. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ పొదుపు సంఘాలు, చిరుధాన్యాలూ వేరుశనగా సేంద్రియంగా పండించే రైతుల 'ధరణి' సహకార సంఘం వచ్చాయి. అక్కడా కొన్నది బయటివాళ్ళే. కానీ వాళ్ళు అక్కడే ఉన్నారు, ఊరిని కలుపుకున్నారు. కంచె వేసి గేటుకు తాళం పెట్టి పోవడానికీ దీనికీ ఉన్న తేడా అదే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నీళ్ళు లేక, వయసు మళ్ళి సేద్యం వదిలేసే ఇళ్ళు అమ్మే ముందు కౌలుకివ్వడం గురించి ఆలోచించాలి. ఊళ్ళోని మహిళా సంఘాలకు ఆ కౌలు దొరికేలా బ్యాంకులూ పంచాయతీలూ సాయపడాలి. అమ్మక తప్పకపోతే ఊరి దావ, వాగు, మేత గట్టు మూసేయకుండా ముందే మాట్లాడుకోవాలి. ఇవి ప్రభుత్వమూ పెద్దలూ చేయాల్సినవి.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన చేను పహణి ఒక్కసారి తీసి చదవండి. కన్నడంలో ఉంటే కన్నడం బాగా వచ్చిన స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరి పేరుంది, ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు, మీద అప్పేమైనా ఉందా చూడండి. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ఒక నకలు అడగండి. అడిగితే చెడ్డదాన్నవుతానేమో అనిపిస్తుంది. అడిగేవాళ్ళు ఎక్కువమంది అయితే అది మామూలు సంగతి అయిపోతుంది.

తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ళం కాబట్టి ఇంకొక్క పని. ప్రతి చేనుకూ ఒక పేరుంటుంది. కుంట కింద మడి, రాళ్ళ చేను, చింతమాను చేను, పెద్దమ్మ తోట. సర్వే నంబరులో ఈ పేర్లు ఉండవు, అవి మన అవ్వల నోట్లో మాత్రమే ఉన్నాయి. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడిన తాలూకా అది, రెండు భాషల పేర్లూ దొరుకుతాయి. ఊరి పేర్లు కూడా శాశ్వతం కాదు. 2025 జూలైలో నంది కొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లికి భాగ్యనగర అని పేరు మార్చాలని నిర్ణయించింది. ఊరి పేరు మారితే పేపర్లో వస్తుంది. చేను పేరు పోతే ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరం మన ఊళ్ళో పది చేన్ల పేర్లు రాసుకొస్తే, మేడమ్‌లు ఒప్పుకుంటే, వచ్చే సంచిక నిండా అవే పెడదాం. ఆ పేర్ల పక్కనే ఆ చేనులో పని చేసిన ఆడవాళ్ళ పేర్లు కూడా రాద్దాం. పహణిలో లేని పేర్లు కనీసం మన గోడ మీదైనా ఉండాలి.